పన్నెండు మాటల కవరు

బెంగళూరు చిక్కపేటలో చీరల హోల్‌సేల్ కొట్టు పైన, మెట్లెక్కేసరికి మోకాళ్ళు మొరాయించే మూడో అంతస్తులో ఉంది అలివేలు ఆఫీసు. డిటెక్టివ్ ఆఫీసంటే ఏ తోలు కుర్చీలో ఊహించుకొని వచ్చినవాళ్ళు గోడకున్న నల్లబల్ల చూసి, ట్యూషన్ సెంటరేమోనని వెనక్కి తిరిగిపోయిన రోజులున్నాయి. వాళ్ళను అనడానికేం లేదు. అలివేలు అనంతపురం జిల్లాలో ఇరవై రెండేళ్ళు లెక్కల టీచరు. ఆ ఉద్యోగం మానేసి ఈ పనిలోకి దిగినా సుద్దముక్క మాత్రం వదల్లేదు. ఆమె అసిస్టెంటు చందు కూడా ఒకప్పుడు ఆమె తరగతిలో గోడకుర్చీ వేసినవాడే. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా ఇప్పటికీ ఆమె పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడతాడు. అందుకు సిగ్గుపడడు కూడా.

మంగళవారం పొద్దున వచ్చిన ప్రిస్కిల్లా నల్లబల్లను చూసి వెనక్కి తిరగలేదు. అసలు దేన్నీ చూసే స్థితిలో లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, ఆసుపత్రిలో నర్సు, సొంతూరు గుంటూరు దగ్గర. ఒళ్ళో చేతిసంచీ పెట్టుకొని, అందులోని నల్లట్ట బైబిలును పైనుంచే గట్టిగా పట్టుకొని కూర్చుంది. చందు ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

"రేపు పదకొండింటికల్లా మా తమ్ముడు దొంగ అని రాసేస్తారు మేడం. రాసేశాక ఇక అంతేనంట. పోలీసులు కూడా దాన్ని చూసే ఫైలు మూసేస్తారంట. చచ్చిపోయినవాడు వచ్చి కాదని చెప్పుకోలేడు కదా!"

"మొదటి నుంచి చెప్పు తల్లీ. నిదానంగా," అంది అలివేలు.

ఆమె తమ్ముడు ఆశీష్, ఇరవై ఒక్క ఏళ్ళవాడు, సర్జాపుర రోడ్డు మీది ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ చదువు ఆఖరి సంవత్సరం. పోయిన శుక్రవారం అక్కడ విద్యార్థి సంఘం ఎన్నికలు. ఈసారి కాగితం లేదు, పెట్టె లేదు, బ్లాక్‌చైన్ అన్నారు. ఒక్కో విద్యార్థికీ ఒక సీలు కవరిచ్చారు. పైన వాళ్ళ నంబరు, లోపల పన్నెండు మాటలు. క్యాంపస్‌లో ఉండి ఆ పన్నెండు మాటలూ ఫోన్లో కొడితే ఓటు పడుతుంది. ఆశీష్ ఎన్నికల కమిటీలో ఉన్నాడు.

"నాలుగూ అయిదుకి నాకు మెసేజ్ వచ్చింది. 'అక్కా, తప్పు చేశాను, నన్ను క్షమించు' అని. అప్పుడు నేను కాలేజీ గేటు దగ్గరే నిలబడున్నాను మేడం. గార్డుల్ని పట్టుకొని లోపలికి పరిగెత్తాను. కొత్త బిల్డింగులో లిఫ్టు కోసం తవ్విన గుంతలో..." చందు కిటికీ వైపు తిరిగి, కిందనున్న తోపుడు బళ్ళను చూస్తూ నిలబడ్డాడు.

ఆదివారం ఇంకో సంగతి బయటపడింది. చదువు మధ్యలో మానేసి మైసూరు వెళ్ళిపోయిన కుర్రాడొకడు సరదాకి తన నంబరు వెతుక్కుంటే, తన ఓటు పడిపోయి ఉంది. తీరా వెతికితే అలాంటివి రెండు వందల పదమూడు తేలాయి. అన్నీ శుక్రవారం మూడింటికీ మూడున్నరకూ మధ్య, ఆశీష్ లాగిన్ నుంచే పడ్డాయి. దొంగ ఓట్లు వేశాడు, భయపడి దూకేశాడు అని విశ్వవిద్యాలయం నోటీసు పెట్టింది.

"మా ఇంట్లో పుట్టినవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ బైబిలు మొదటి పేజీలో రాస్తాం మేడం. తేదీ, గంట అన్నీ. మా తాతగారి కాలం నుంచీ అంతే. నాన్న పోయాక రాసేది నేనే. అమ్మ రోజూ ఫోన్ చేసి తమ్ముడిది రాశావా అని అడుగుతోంది. ఏం రాయను? సాయంత్రం నాలుగింటికి తన ప్రాణం తనే తీసుకున్నాడని నా చేత్తో ఎట్లా రాయను?"

అలివేలు సుద్దముక్క చేతిలోకి తీసుకుంది. తర్వాత, "గేటు దగ్గర ఎందుకున్నావు?" అని అడిగింది.

"వాడి కవరు ఇవ్వడానికి. హాస్టల్లో ఎవడన్నా విప్పుతాడని అంతకు ముందు ఆదివారం చర్చికి వచ్చినప్పుడు నాకిచ్చాడు. మా ఇంట్లో ముఖ్యమైన కాగితమేదైనా బైబిల్లోనే పెడతాం. మూడున్నరకి తెచ్చిపెట్టు, చివర్లో వేస్తాను అన్నాడు. నేను మూడూ ఇరవైకే వచ్చాను. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు." బైబిలు తెరిచి చూపించింది. సీలు చెక్కుచెదరని తెల్ల కవరు, పైన 0417 అన్న నంబరు, అతుకు మీద ఎవరిదో పచ్చ సిరా సంతకం.

"ఇది ఇప్పటికి నా దగ్గరుండనీ. గుంతలోంచి తీశాక తమ్ముణ్ణి ముట్టుకున్నావా?"

"నాలుగూ నలభైకి తీశారు. చేతులు రెండూ గుండెల మీద పెట్టి ప్రార్థన చేద్దామనుకున్నాను. వంగలేదు మేడం. కొయ్యలాగా బిగుసుకుపోయాయి. నోరు మూద్దామన్నా దవడ కదల్లేదు. చివరికి దుప్పటి కప్పి ఊరుకున్నాను."

అలివేలు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "నువ్వు నర్సువి కదా?" అని నెమ్మదిగా అడిగింది.

"ఆసుపత్రిలో నర్సుని మేడం. అక్కడ అక్కని," అంది ప్రిస్కిల్లా, కళ్ళు తుడుచుకుంటూ.

* * *

మధ్యాహ్నానికి అలివేలు, చందు విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ముఖద్వారం మీద బ్యానరు ఇంకా తీయలేదు. 'భవిష్యత్ ఎన్నిక! ఎవరూ చెరపలేని ఓటు! తొంభై శాతం పోలింగ్ మా హామీ!' అని అడుగెత్తు అక్షరాలు. చందు దాన్ని చదివి నడిచిపోయాడు. అలివేలు మాత్రం ఎండలో నిలబడి రెండుసార్లు చదివింది.

విద్యార్థి వ్యవహారాల డీన్ వెంకటగిరియప్ప అరవై దగ్గరపడిన మనిషి. తరతరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. వచ్చిన పని చెప్పగానే తలుపు మూసి, తన కుర్చీ వదిలేసి, వీళ్ళ పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏం చెప్పేదప్పా. పిల్లోడు బంగారం. నాకైతే నమ్మకమే లేదు. కానీ రికార్డు ఉండాది, మెసేజ్ ఉండాది. నేనేం చేసేది? పేపరు పెట్టండి, వేలికి ఇంకు పెట్టండి అని మొత్తుకుంటిని. ముసలోడు సుమ్నే, ఊరకే గొణుగుతాడని నవ్విరి."

"కవర్ల మీద పచ్చ సంతకం మీదేనా సార్?"

"నాదే. రెండు వేల నాలుగు వందల కవర్లు. చెయ్యి పడిపోయె. కోర్సు వదిలి పోయినోళ్ళవి రెండు నూర్ల పదమూడు మిగిలె. జాబితా నుంచి పేర్లు తీసేకి టైం లేదంటే, వాటిని కాల్చేయమని బుధవారం ఆశీష్‌కే ఇస్తిని. కాల్చినానని చెప్పె. ఇప్పుడేమో కాల్చకముందు విప్పి చూసుకున్నాడని అంటుండారు."

"అలా అన్నది ఎవరు?"

"ఓంకార్. ఈ ఓటింగ్ యంత్రాంగం అంతా ఆయప్పదే."

కొత్త బ్లాకు ఆరో అంతస్తులో ఓంకార్ కంపెనీకి ఒక గది ఇచ్చారు. దానికి పదడుగుల దూరంలో కిందిదాకా తెరిచి ఉన్న లిఫ్టు గుంత, ముందు రెండు అడ్డపలకలు. పోలింగ్ రోజు పనివాళ్ళకు సెలవిచ్చారట. ఓంకార్‌కి ముప్ఫై ఒకటి, హైదరాబాదు నుంచి వచ్చినవాడు. ఇస్త్రీ చొక్కా నలగనివ్వడు, మాట తడబడనివ్వడు.

"యాక్చువల్లీ మేడం, చాలా సింపుల్," అన్నాడు. "ప్రతి ఓటూ ఒక ఎంట్రీ. ఆ రికార్డు కాపీ చాలా కంప్యూటర్లలో ఉంటుంది. ఒకసారి పడిందంటే నేను కూడా డిలీట్ చేయలేను."

"అంటే హాజరుపట్టీ కాపీ తరగతిలో ప్రతి పిల్లవాడి దగ్గరా ఉన్నట్టు. టీచరు తన దాంట్లో కొట్టేసినా మిగతావాళ్ళ దాంట్లో ఉండిపోతుంది."

"ఎగ్జాక్ట్‌లీ! బాగా పట్టుకున్నారు."

"మరి ఆ పన్నెండు మాటలు? అవి మీ దగ్గర ఉండవా?"

"నో నో. అదే మా సెల్లింగ్ పాయింట్. ప్రింటయి కవర్లో పడగానే సిస్టమ్ మర్చిపోతుంది. కాపీ ఎక్కడా ఉండదు. కవరు విప్పినవాడికి తప్ప దేవుడికి కూడా తెలీదు. ఆశీష్ అలాంటివాడు అనుకోలేదండి. తమ్ముడిలా చూసుకున్నాను. శుక్రవారం మూడింటికి ఈ గదిలో వాడొక్కడే ఉన్నాడు. నేను సాయంత్రం ప్రోగ్రామ్ ఏర్పాట్లకి కింద ఆడిటోరియంలో తిరుగుతున్నా."

"సాయంత్రం ఏం ప్రోగ్రామ్?"

"అయిదు యూనివర్సిటీల వాళ్ళు చూడటానికి వచ్చారు. మా సిస్టమ్ తీసుకోవాలని. ఈ ట్రాజెడీ జరగకపోయుంటే ఆ రోజే ఓకే అయిపోయేది."

"అయ్యో," అంది అలివేలు. ఆమె అలా 'అయ్యో' అన్నప్పుడల్లా ఎవరికో మూడిందని చందుకు తెలుసు. ఎవరికో మాత్రం తెలియలేదు. వెళ్తూ వెళ్తూ ఆమె ఆశీష్ లాగిన్ నుంచి పడ్డ దొంగ ఓట్ల జాబితా అడిగి తీసుకుంది.

కమిటీలో ఆశీష్‌తో పాటు పనిచేసిన వర్షిణి క్యాంటీన్ వెనక మెట్ల మీద ఒంటరిగా కూర్చుని దొరికింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"పదకొండున్నరకి ఓంకార్ సార్‌తో మాట్లాడాలి అని పైకెళ్ళాడు మేడం. చాలా అప్‌సెట్‌గా ఉన్నాడు. ఏంట్రా అంటే, వచ్చాక చెప్తా, డీన్ సార్‌కి కూడా చెప్పాలి అన్నాడు. అంతే. మళ్ళీ చూడలేదు."

"చూడలేదు సరే. మాట్లాడావా?"

"వాట్సాప్ మెసేజెస్ వచ్చాయి. వాడిది ఎప్పుడూ పై గది కంప్యూటర్‌లో తెరిచే ఉంటుంది. ఒంటిగంటకి, రెండింటికి. 'సర్వర్ పనిలో ఉన్నా' అని. లంచ్‌కి చిత్రాన్నం పొట్లాలు తెప్పించారు. వాడిది తీసి పెట్టాను. తినడానికి రాలేదు. సాయంత్రం... అది అలాగే ఉంది మేడం. కట్టిన దారం కట్టినట్టే ఉంది." మళ్ళీ ఏడ్చింది. అలివేలు ఆమె వీపు మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుంది.

"కమిటీవాళ్ళు ఓటు ఎప్పుడు వేశారు?"

"చివర్లో, మూడూ నలభై అయిదు తర్వాతే. డీన్ సార్ రూల్. ముందు అందరివీ అయ్యాకే మనవి అన్నారు. నేను మూడూ నలభై ఎనిమిదికి వేశాను. డీన్ సార్ కింద స్క్రీన్ దగ్గర నిలబడి మరీ చూశారు."

గెలిచిన అభ్యర్థి అభిజిత్‌ని కలిసేసరికి ఇంకా పూలదండ వాసన పోలేదు. చందుకు వాడి నడకే నచ్చలేదు.

"నాకు దొంగ ఓట్లెందుకండీ? మధ్యాహ్నానికే మూడొందలు లీడింగ్‌లో ఉన్నా," అన్నాడు అభిజిత్. "స్క్రీన్ మీద అందరూ చూశారు. మూడింటికి ఎనభై ఒక శాతం దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత మళ్ళీ గబగబా ఎక్కింది. నా మీద పోటీ చేసిన పల్లవికి వేస్తున్నారేమో అని నాకే టెన్షన్ పట్టుకుంది."

తిరుగుదారిలో చందు ఉండబట్టలేకపోయాడు. "వీడే టీచర్. దొంగ ఓట్లతో లాభపడింది వీడేగా?"

"జవాబు తప్పు, స్టెప్పులూ తప్పే," అంది అలివేలు, జాబితా అతని ఒళ్ళో పడేస్తూ. "ఎవరికి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టు. ఆఖరి నంబరు కూడా చూడు."

చందు లెక్కపెట్టాడు. రెండు వందల పదమూడు కాదు, రెండు వందల పద్నాలుగు ఉన్నాయి. అభిజిత్‌కి నూట తొమ్మిది, పల్లవికి నూట అయిదు. మూడూ ఇరవై రెండుకి పడిన ఆఖరి ఓటు నంబరు 0417.

"ఇది ఆశీష్‌ది కదా టీచర్! కానీ ఆ కవరు..."

"ఆఁ. ఇప్పుడు దారిలో పడ్డావు. డీన్‌గారికి ఫోన్ కలుపు. తర్వాత స్టేషన్లో ఎస్సై ఫాతిమాకి. పోస్ట్‌మార్టమ్ కాగితాలు తెమ్మను. చదివి మరీ తెమ్మను."

* * *

బుధవారం పదకొండింటికి కమిటీ గదిలో పొడుగాటి బల్ల చుట్టూ అందరూ చేరారు. తల దగ్గర వెంకటగిరియప్ప, కుడివైపు ఓంకార్, ఎదురుగా అభిజిత్, వర్షిణి. మూల కుర్చీలో బైబిలు ఒళ్ళో పెట్టుకొని ప్రిస్కిల్లా. తలుపు పక్కన ఎస్సై ఫాతిమా ఒక ఫైలుతో నిలబడింది. బల్ల మీద సంతకాలకు సిద్ధంగా నివేదిక ఉంది. అందులో ఆశీష్ పేరు పదకొండుసార్లు ఉందని చందు లెక్కపెట్టాడు.

అలివేలు లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

"నేను ఆరు ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూర్చున్నాను. దొంగ ఓటు వేసేవాళ్ళను కళ్ళారా చూశాను. వాళ్ళందరికీ ఒకే ఒక్క గుణం ఉంటుంది. తన మనిషికే వేస్తారు. ఈ దొంగ మాత్రం చెరి సగం పంచాడు. నూట తొమ్మిది, నూట అయిదు. అంటే ఎవరు గెలిచినా అతనికి ఒకటే. మరి ఎందుకు వేశాడు?"

బోర్డు మీద అంకెలు వేసింది.

"అసలు ఓట్లు పంతొమ్మిది వందల యాభై. రెండు వేల నాలుగు వందలకి ఎనభై ఒక శాతం. రెండు వందల పద్నాలుగు కలపండి. తొంభై దాటింది." సుద్దముక్కతో కింద గీత కొట్టింది. "మీ గుమ్మం మీద బ్యానరుంది. తొంభై శాతం హామీ అని. ఆ సాయంత్రమే అయిదు విశ్వవిద్యాలయాల వాళ్ళు చూడటానికి వస్తున్నారు. ఈ దొంగకి కావలసింది గెలుపు కాదు, శాతం."

"హలో మేడం, మీరు నన్నేదో ఇన్‌డైరెక్ట్‌గా అంటున్నారు," అన్నాడు ఓంకార్.

"నేనింకా ఎవరి పేరూ ఎత్తలేదు నాయనా," అంది అలివేలు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేనని చందు మనసులో అనుకున్నాడు.

"ఆశీష్ లాగిన్ నుంచి కదా పడ్డాయి? ఆశీషే వేశాడనుకుందాం. మూడింటికి మొదలుపెట్టాడు, మూడూ ఇరవై రెండుకి తన ఓటు కూడా వేసుకున్నాడు, నాలుగూ అయిదుకి అక్కకి మెసేజ్ పెట్టి దూకాడు. నాలుగూ నలభైకి పైకి తీశారు. అక్క ఆ తమ్ముడి చేతులు గుండెల మీదికి వంచబోతే వంగలేదు. దవడ కదల్లేదు. ఫాతిమాగారూ, కాగితం ఏమంటోంది?"

ఫాతిమా ఫైలు తెరిచింది. ఆమె మొహంలో సిగ్గు కనబడింది. "ఆసుపత్రికి చేరేసరికే కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి ఉన్నాయని రాశారు. కడుపులో మధ్యాహ్నం తిన్నదేమీ లేదు. డాక్టర్ని నిన్న అడిగాను. చనిపోయి అప్పటికే నాలుగైదు గంటలై ఉంటుందన్నారు. అరగంటలో అలా బిగుసుకోదు. రిపోర్టులో ఉంది మేడం. మేమే చదవలేదు."

"యంత్రాలు చెప్పిందంతా నమ్మాం. వాడి ఒళ్ళు చెప్పింది ఎవరమూ వినలేదు." అలివేలు గొంతులో మొదటిసారి కోపం వినబడింది. "చిత్రాన్నం పొట్లం విప్పకుండా ఉండిపోయింది ఎందుకు? తినేవాడు లేడు కాబట్టి. పన్నెండు గంటలకల్లా ఆశీష్ ఆ గుంతలో ఉన్నాడు. వాట్సాప్ మాత్రం ఆరో అంతస్తులో కంప్యూటర్ మీద తెరిచే ఉంది. ఒంటిగంటకి, రెండింటికి, నాలుగూ అయిదుకి మాట్లాడింది ఆశీష్ కాదు."

వర్షిణి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇక ఆ రెండు వందల పద్నాలుగో ఓటు. మిగతా రెండు వందల పదమూడు మంది ఊళ్ళోనే లేరు. వాళ్ళ ఓటు వేస్తే ఆ రోజు అడిగేవాడు లేడు. ఆశీష్ అలా కాదు. మూడూ నలభై అయిదుకి డీన్‌గారి కళ్ళ ముందు ఓటు వెయ్యాల్సినవాడు. మూడూ ఇరవై రెండుకే అతని ఓటు వెయ్యడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? ఇక రాడని తెలిసినవాడికి. ఆశీష్ ఆ వేళకి బతికే ఉన్నట్టు కనబడాలని, దొంగ ఓట్ల చివర అతని ఓటు కూడా జోడించాడు. అతి రహస్యం బట్టబయలు అంటారు కదా, సరిగ్గా అంతే."

సంచీలోంచి కవరు తీసి వెంకటగిరియప్ప ముందు పెట్టింది. "ఈ సంతకం మీదేనా సార్? సీలు సరిగ్గా ఉందా?"

ఆయన కళ్ళద్దాలు సవరించుకొని వెలుతురులో పట్టి చూశాడు. "నాదేనమ్మా. ఎవురూ ముట్టలేదు."

"ఇది ఆశీష్ కవరు. నిన్నటి దాకా వాళ్ళక్క బైబిల్లో ఉంది. పోలింగ్ రోజు దాన్ని పట్టుకొని ఆమె గేటు దగ్గర నిలబడింది. విప్పండి. వర్షిణీ, లోపలున్న మాటలు కొట్టమ్మా."

వెంకటగిరియప్ప కవరు అంచు చింపి కాగితం బయటికి తీశాడు. వర్షిణి ఒక్కో మాటా కొట్టింది. గోడ మీది తెర మీద అక్షరాలు వచ్చాయి. 'నంబరు 0417. ఈ ఓటు ఇదివరకే పడినది. శుక్రవారం, మధ్యాహ్నం 3:22.'

"మిగతా కవర్లు కాల్చకముందు విప్పుకున్నాడన్నారు. సరే. ఇది విప్పనేలేదు. విప్పని కవర్లో మాటలు మూడూ ఇరవై రెండుకి ఎవరికి తెలిశాయి ఓంకార్?"

ఓంకార్ నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "చూడండి, అది... ఆశీష్ నా ఫైల్ కాపీ చేసుకొని ఉంటాడు. నా కంప్యూటర్‌కి వాడికి యాక్సెస్ ఉంది."

"ఏ ఫైలు?"

గది అంతా ఓంకార్ వైపు చూసింది.

"కాపీ ఎక్కడా లేదన్నావు. దేవుడికి కూడా తెలియదన్నావు. ఏ ఫైలు నాయనా?"

అభిజిత్ తనకు తెలియకుండానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఓంకార్ బల్లను చూస్తూ మాట్లాడాడు. ఇంగ్లీషు ముక్కలన్నీ ఎక్కడికో పోయాయి.

"చూసేశాడు. అందరి మాటలూ దాచిన ఫైలు వాడికి కనబడింది. డీన్‌గారికి చెప్తా అన్నాడు. ఒక్క రోజు ఆగరా, సాయంత్రం దాకా ఆగు చాలు అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వినలేదు. 'ఇది ఓటు కాదు సార్, మోసం' అంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. తోశాను. పలక పక్కకి జారిపోయింది. నేను... పడిపోతాడనుకోలేదు."

"ఎన్ని గంటలకి?"

ఆ ప్రశ్న అలివేలు వేయలేదు. మూలలోంచి ప్రిస్కిల్లా లేచి నిలబడి అడిగింది.

ఓంకార్ ఆమె వైపు చూడలేకపోయాడు. "పదకొండూ నలభై."

"పిలిచాడా? కింద పడ్డాక ఎవరినన్నా పిలిచాడా?"

"లేదు," అన్నాడు ఓంకార్. అది నిజమో, జాలిపడి చెప్పిన అబద్ధమో చందుకు అర్థం కాలేదు. ఫాతిమా వచ్చి ఓంకార్ భుజం మీద చెయ్యి వేసింది.

అతన్ని తీసుకెళ్ళాక వెంకటగిరియప్ప బల్ల మీది నివేదికను నాలుగు ముక్కలు చేశాడు. నోటీసు బోర్డు మీది కాగితాన్ని తనే వెళ్ళి చించేస్తానన్నాడు. తర్వాత, తప్పు చేసిన పిల్లవాడిలా ప్రిస్కిల్లా ముందు నిలబడ్డాడు.

"వాని పేరు మేమే కడిగేది తల్లీ. ఎన్నిక మళ్ళీ పెడతాము, పేపరుతో. కానీ ఆ మూడూ ఇరవై రెండు ఓటు ఉండాది చూడు, దాన్ని తీసేకి ఎవురి చేతా కాదంట. ఆ రికార్డులో అట్లే ఉండిపోతాది. నన్ను క్షమించమ్మా."

ప్రిస్కిల్లా తల ఊపింది. "వాడు వెయ్యలేదని ఇప్పుడు అందరికీ తెలుసు కదా సార్. చాలు. ఆ పన్నెండు మాటల కాగితం నాకిస్తారా?"

ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని చదవలేదు. మడిచి బైబిల్లో పెట్టి, మొదటి పేజీ తెరిచింది. తాతగారి కాలం నుంచీ వస్తున్న వరసలు, రకరకాల సిరాలు, రకరకాల చేతిరాతలు. అందులో ఆశీష్ పుట్టిన రోజు వాళ్ళ నాన్న రాసినది, తెల్లవారుజామున అయిదూ పది. దాని పక్కన ఖాళీ.

ఆమె సంచీలో కలం కోసం వెతుక్కుంది, దొరకలేదు. చందు తన జేబులోది తీసి ఇచ్చాడు. ప్రిస్కిల్లా నిలబడే, బైబిలును బల్ల అంచుకు ఆనించి, తేదీ వేసి, పక్కన 'పగలు పదకొండు గంటల నలభై నిమిషాలు' అని రాసింది. ఎలా పోయాడో రాయడానికి అక్కడ ఇంకా చోటుంది. కాసేపు ఆలోచించి, 'నిజం చెప్తానన్నందుకు' అని రాసి కలం తిరిగి ఇచ్చేసింది.

తర్వాత ఫోన్ తీసి అమ్మకు చేసింది.

"రాశానమ్మా," అంది.